జ్యుత్పింగ్‌కి నాలుగు స్టార్లు, అయిదోది ‘జె’ మింగేసింది

ముందే చెప్పేస్తాను, ఇది మిక్సీకో ఏసీకో రాస్తున్న రివ్యూ కాదు. ఒక స్పెల్లింగు పద్ధతికి రాస్తున్నది. హాంకాంగ్‌లో మాట్లాడే కాంటనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడానికి జ్యుత్పింగ్ అని ఒకటుంది. ఎనిమిది నెలలుగా పొద్దున్న షాపు తెరిచాక మొదటి బేరం వచ్చేదాకా, మళ్లీ రాత్రి అన్నాలయ్యాక, దాంతోనే నా కుస్తీ. రెండు రోజులు వాడి ఫ్యాను మీద రివ్యూ రాసేస్తున్నారు జనం, నాకు మాత్రం ఆ హక్కు లేదా?

విశాఖ డాబాగార్డెన్స్ సందులో డీటీపీ సెంటరు నడుపుకునేవాడికి కాంటనీస్ గొడవేంటని మా ఆవిడే అడిగింది. సంగతేంటంటే, మా అల్లుడికి అక్కడ ఓడల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం, టుంగ్ చుంగ్‌లో కాపురం. మనవడికి అయిదేళ్లు, అక్కడి బళ్లోనే వేశారు. ఇంట్లో తెలుగు, బళ్లో కాంటనీస్, కార్టూన్లలో ఇంగ్లీషు. పోయిన ఏడాది మేమిద్దరం పద్నాలుగు రోజులు ఉండి వచ్చాం. బడి గేటు దగ్గర వాడు వాళ్ల నాన్నని చూసి ‘పాపా’ అని కేకేశాడు. మగాణ్ణి పాప అంటాడేంట్రా వీడు అని నేను నవ్వితే, వాడు నాకేసి జాలిగా చూశాడు. కాంటనీస్‌లో నాన్నని అలాగే అంటారట.

ఇంటికొచ్చి ఫోన్లో నిఘంటువు తీసి చూశాను. నాన్న అన్న మాటకి ఉన్న స్పెల్లింగు: బి-ఎ-ఎ, పక్కన 4, మళ్లీ బి-ఎ-ఎ, పక్కన 1. చదివితే ‘బాబా’ అవుతుంది. షిర్డీ గుర్తొస్తుంది. పిల్లాడి నోట్లోంచి వచ్చింది మాత్రం స్పష్టంగా ‘పాపా’. ముప్పయ్యేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నవాణ్ణి, రాత ఒకటి మాట ఒకటి అయితే నాకు నిద్ర పట్టదు. అలా మొదలైంది.

రెండో దెబ్బ చేపల దగ్గర తగిలింది. మన ఫిషింగ్ హార్బర్లో వంజరం ఐసు మీద పడుకుని ఉంటుంది, అక్కడ బజార్లో చేప తొట్టెలో ఈదుతూ మనకేసి చూస్తుంది. కొనడం అన్న మాట ‘మాయ్’ అని బట్టీపట్టి వెళ్లి, చేపకేసి వేలు చూపించి ధైర్యంగా అనేశాను. అమ్మే ఆవిడ పగలబడి నవ్వింది. మా బుడ్డోడు మొహం దాచుకుని, ‘తాతయ్యా, నువ్వు చేప అమ్ముతానన్నావు’ అన్నాడు. కొనడమూ అమ్మడమూ రెండూ ‘మాయ్’లే. టోన్ అంటే మాటని పలికే గొంతు ఎత్తు, స్పెల్లింగు పక్కన ఉండే అంకె దానిదే. కొనడం అయిదో టోన్, కిందనుంచి కాస్త పైకి లేవాలి. అమ్మడం ఆరో టోన్, కిందే బల్లపరుపుగా ఉండాలి. బజారులో అన్నిటికన్నా అవసరమైన రెండు మాటల్ని ఇంత దగ్గరగా పెట్టుకుని వీళ్లు వ్యాపారం ఎలా చేస్తున్నారో అనుకున్నాను. మనం కళ్లకీ కల్లుకీ తేడా చూసుకుంటూ బతకడం లేదూ?

కళ్లు అంటే గుర్తొచ్చింది. మా షాపులో కొత్తగా చేరిన కుర్రాడికి ఒక కస్టమరు ఉచిత కంటి శిబిరం కరపత్రం మేటరు వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో పంపాడు. కుర్రాడు ‘ఉచిత కల్లు పరీక్ష’ అని కొట్టాడు. ప్రూఫులో నేను పట్టుకోబట్టి సరిపోయింది కానీ, అలాగే వదిలేస్తే శిబిరానికి జనం ఇంకా ఎక్కువే వచ్చేవారు. లేఖినిలో తెలుగు కొట్టినవాళ్లకి ఈ మందు తెలుసు: చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. ఇంగ్లీషు అక్షరాల్లో మన భాష రాయాలంటే ముందు కొన్ని ఒప్పందాలు చేసుకోవాలి. వాట్సాప్ తెలుగుకి ఆ ఒప్పందాలు లేవు, అందుకే కల్లు. జ్యుత్పింగ్ అలాంటి ఒప్పందాల పత్రమే. హాంకాంగ్ లింగ్విస్టిక్ సొసైటీ వాళ్లు 1993లో తయారుచేశారు.

అంతకుముందు పద్ధతులు లేక కాదు. అమెరికా నుంచి యేల్ పద్ధతి వచ్చింది. అందులో టోన్ చూపడానికి అచ్చు నెత్తిన గీతలు, కింది స్థాయి టోన్ అయితే అచ్చు తర్వాత ఒక హెచ్. ఆ హెచ్ చూసి నేను విసర్గ అనుకుని వారం రోజులు ‘హ’ అని ఊపిరి వదిలాను. (డబ్బు కట్టి చేరిన ఒక ఆన్‌లైన్ కోర్సులో సగం పాఠాలు యేల్‌లో, సగం జ్యుత్పింగ్‌లో ఉన్నాయి. పేరు చెప్పను, పోయిన డబ్బు ఎలాగూ రాదు.) హాంకాంగ్‌లో పనిచేసే తెల్ల ఉద్యోగులకి భాష నేర్పడానికి సిడ్నీ లావ్ చేసిన పద్ధతి ఇంకొకటి. చైనా వైపు గ్వాంగ్‌డాంగ్‌లో 1960లో మరొకటి. ఇక వీధి బోర్డుల మీద ఉండే సర్కారీ స్పెల్లింగుకి టోన్లే లేవు, ఒత్తులూ (మన ఖ, థల్లో వదిలే ఊపిరి) లేవు. చెయుంగ్ చావ్ అని ఒక దీవి ఉంది, ఫెర్రీ ఎక్కి వెళ్లొచ్చాం. బోర్డు మీద రెండు మాటలూ ఒకే సి-హెచ్‌తో మొదలవుతాయి. నోట్లో మాత్రం మొదటిది ఒత్తుతో, రెండోది ఒత్తు లేకుండా. వాల్తేరుని వాల్టేర్ చేసి, భీమునిపట్నాన్ని బిమ్లీపటం చేసిన దొరలే అక్కడా బోర్డులు రాశారు కాబట్టి నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు.

వీటన్నిటి పక్కన పెడితే జ్యుత్పింగ్ శుభ్రమైన సరుకు. మామూలు కీబోర్డు మీద ఉండే ఇరవయ్యారు అక్షరాలు, ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. గీతలు లేవు, చుక్కలు లేవు, ప్రత్యేకం ఫాంటు అక్కర్లేదు. ఒక గుర్తుకి ఒకే ధ్వని. ఫాంటు మారితే ఒత్తులు ఎగిరిపోయే డీటీపీ లోకంలో జుట్టు నెరిసినవాణ్ణి, దీని విలువ నాకు తెలుసు. మూడు స్టార్లు అక్కడే ఇచ్చేశాను.

ఇప్పుడు గొడవకి వద్దాం. అసలు ఆ పేరే తప్పు చదువుతున్నాం. జ్యుత్పింగ్ కాదు, ‘యుత్ ఫింగ్’కి దగ్గరగా పలకాలి. మొదటి అక్షరం జె, దాని ధ్వని య. చేప అన్న మాట జె-వై-యు. ఎవరైనా ‘జ్యూ’ అనే చదువుతారు. నిజానికి అది పెదవులు సున్నాలా చుట్టి ‘యీ’ అనడం. వై అక్షరం చక్కగా ఖాళీగా ఉండగా య కోసం జె ఎందుకు వాడారయ్యా అని నాకు ఒళ్లు మండింది. తర్వాత తెలిసింది, వై ఖాళీగా లేదు. ఆ పెదవులు చుట్టే అచ్చుని వై-యు అని రాస్తారు, వై అక్కడ ఇరుక్కుపోయింది. పైగా ప్రపంచ ధ్వని లిపిలో య ధ్వనికి గుర్తు జె యే. అంటే భాషాశాస్త్రం చదువుకున్నవాళ్లకి ఇది సహజం. డాబాగార్డెన్స్ వాళ్లకి కాదు.

అందుకని నేనే బాగుచేద్దామని కూర్చున్నాను. జె తీసి వై పెట్టాను, జెడ్ తీసి టి-ఎస్ పెట్టాను, అంకెలు తీసి బాణం గుర్తులు పెట్టాను. ఒక నెలరోజులు మూడొందల మాటలు ఆ పద్ధతిలో నోట్‌బుక్కులో ఎక్కించాను, ఎంత ముచ్చటగా ఉందో. తీరా ఫోన్లో కీబోర్డుకి నా స్పెల్లింగు ఇస్తే అది నోరు మెదపలేదు. నిఘంటువు ‘ఫలితాలు లేవు’ అంది. నేను బాగుచేసిన పద్ధతి నాకొక్కడికే అర్థమవుతుంది, నాలుగు రోజులు పోతే నాకూ అవదు. మన ఇంట్లో మీటరు స్కేలుని మనమే సరిచేసుకుంటే బట్టల కొట్టువాడు ఒప్పుకోడు కదా. ఆ నోట్‌బుక్కు ఇప్పుడు షాపులో లెక్కల పుస్తకం.

అప్పుడు తట్టింది. జ్యుత్పింగ్‌ని ముట్టుకోకూడదు, దాని నెత్తిన తెలుగు పెట్టాలి. ఇక్కడ మాత్రం నేను ఎంత చెప్పినా ఆగను, ఎందుకంటే కాంటనీస్ హల్లులకి ఇంగ్లీషు కన్నా మన లిపి బాగా అతుకుతుంది. కాంటనీస్‌లో ప-బ తేడా లేదు. ఉన్నది ప-కీ ఒత్తు ప-కీ తేడా. ఇంగ్లీషువాళ్లకి ఒత్తులు తెలియవు కాబట్టి జ్యుత్పింగ్ చేసినవాళ్లు ఒత్తు లేనిదాన్ని బి అనీ, ఒత్తు ఉన్నదాన్ని పి అనీ రాశారు. అందుకే మా మనవడి పాపా నాకు బాబాగా కనిపించింది. అలాగే డి అంటే త, టి అంటే థ, జి అంటే క, కె అంటే ఖ. మా అమ్మాయి ఉండే టుంగ్ చుంగ్‌ని జ్యుత్పింగ్‌లో డి-తో రాస్తారు, ఇంగ్లీషు చదువు చదివినవాడు డుంగ్ అంటాడు, అసలు మాట ‘తుంగ్’. మన తుంగభద్రలో తుంగే.

జెడ్ సంగతి ఇంకా బాగుంటుంది. శుభోదయం అన్న మాట జెడ్-తో మొదలవుతుంది. నేను వీడియో కాల్‌లో అమ్మాయి పక్కింటావిడకి ‘జౌ సన్’ అని దండం పెడితే ఆవిడ అమ్మాయికేసి తిరిగి ఏమంటున్నారు అని అడిగింది. అది జ కాదు, మన చాపలో చా, చలిలో చ. పాత పుస్తకాల్లో ౘ అని నెత్తిన గుర్తు పెట్టి అచ్చువేసేవారు చూడండి, అదే. మా షాపులో పాత ఫాంట్లలో ఆ అక్షరం లేదు కానీ, యూనికోడ్‌లో 2008 నుంచి ఉంది. ‘ౘోవ్ సన్’ అని మర్నాడు మళ్లీ దండం పెట్టాను. ఆవిడా పెట్టింది.

అచ్చుల్లో కూడా సగం మన చుట్టాలే. ఎ ఒకటి ఉంటే అ, రెండుంటే ఆ. ‘సమ్’ అంటే గుండె, ‘సామ్’ అంటే మూడు. ‘కయ్’ అంటే కోడి, ‘కాయ్’ అంటే వీధి. మనకి చిన్నప్పట్నుంచీ అలవాటైన దీర్ఘం, మనం వీధిని కోసి కూర వండుకోం.

ఙ గురించి ఒక మాట. ఒకటో తరగతిలో నేర్చుకుని జన్మలో వాడని అక్షరం అది. కాంటనీస్‌లో ‘నేను’ అంటే ‘ఙో’. అయిదు అంటే వట్టి ‘ఙ్’, దానికి అచ్చు కూడా లేదు. ఇన్నాళ్లకి ఆ అక్షరానికి ఉద్యోగం ఇప్పించానని సంబరపడిపోయి మనవడికి చెప్పాను. వాడు ‘తాతయ్యా, మేం ఓ అనే అంటాం’ అన్నాడు. హాంకాంగ్‌లో చాలామంది మాట మొదట్లో ఙ వదిలేస్తారట. న కూడా ల అయిపోతుంది, ‘నెయ్’ అని రాసి ఉన్నదాన్ని ‘లెయ్’ అంటారు. జ్యుత్పింగ్ మాత్రం పాత పద్ధతి ఉచ్చారణనే పట్టుకుని కూర్చుంది. పంతుళ్లకి మంచిది, తాతలకి కాదు.

నా తెలుగు కవచానికీ చిల్లులున్నాయి, దాచను. మనం ఫ-ని ఫోను, ఫ్యాను అని పళ్లతో పలకడం మొదలుపెట్టి దాని ఒత్తు పోగొట్టుకున్నాం. కాంటనీస్‌లో అన్నం ‘ఫాన్’, అది పళ్ల ఫ. జ్యుత్పింగ్‌లో పి వేరే, అది ఒత్తు ప. రెండింటికీ ఒకే అక్షరం సరిపోక, రెండోదాన్ని ‘ప్హ’ అని రాసుకుంటున్నాను. చూడ్డానికి వికారంగా ఉంటుంది. మాట చివర్న వచ్చే ప్, త్, క్ ఇంకో తలనొప్పి. నోరు మూసి ఊరుకోవాలి, గాలి బయటికి రాకూడదు. మన నాలుకకి చివర్న అచ్చు లేకపోతే తోచదు. బస్‌ని బస్సు చేసినట్టు తినడం అన్న ‘సిక్’ని ‘సిక్కు’ చేసి పారేస్తాను.

పెదవులు చుట్టే అచ్చులు అసలు మనకి లేవు. ఇంగ్లీషు అక్షరాల్లో ఓ-ఈ అనీ ఈ-ఓ అనీ రాసేవి రెండున్నాయి జ్యుత్పింగ్‌లో. హాంకాంగ్ అన్న పేరులోనే మొదటిది ఉంది, నీళ్లు అన్న మాటలో రెండోది. రెండూ నా చెవికి ఒకటే. యేల్‌వాళ్లు రెండింటికీ కలిపి ఒకే స్పెల్లింగు ఇచ్చారు, అది హాయి. వీళ్లెందుకు విడదీశారని తిట్టుకున్నాను. ఎక్కువ మాటల్లో ఒకటి వచ్చే చోట రెండోది రాదు, కాబట్టి కలిపేసినా నష్టం లేదనిపిస్తుంది. కానీ 2018లో జ్యుత్పింగ్ పట్టికలో రెండు అంత్యాలు, అంటే మొదటి హల్లు తర్వాత వచ్చే భాగాలు, చేర్చారు, అందులో ఓ-ఈ-టి ఒకటి. ఈ-ఓ-టి ముందే ఉంది. ఇప్పుడు రెండూ టి ముందు నిలబడ్డాయి కాబట్టి కలపడానికి వీల్లేదు. సరే, నా తిట్టు వెనక్కి తీసుకున్నాను. ఏళ్లు గడిచాక కూడా పట్టికని సరిచేసుకుంటున్నారంటే ఆ పద్ధతికి వెనకాల మనుషులున్నారని అర్థం.

టోన్ అంకెల మీద నాకు ఇంకా కొంచెం కోపం ఉంది. 1 పైన, 2 పైకి లేచేది, 3 నడిమి, 4 కిందికి జారేది, 5 కింద నుంచి కొంచెం లేచేది, 6 కింద చదును. వరసలో ఏ ఎత్తుపల్లాలూ కనపడవు. పాత చైనా పండితులు టోన్లని పై వరస, కింది వరస అని విడగొట్టుకున్నారు, ఒకటి నుంచి మూడు పైవి, నాలుగు నుంచి ఆరు కిందివి. ఆ లెక్క తెలిస్తే తర్కం ఉంది. తెలియకపోతే లాటరీ నంబరే. మొదట్లో నేను ‘ఆ’ అన్న ఒక్క అక్షరంతో సాధన చేశాను. వినపడక ‘ఆఁ?’ అని రెట్టించేది 2. కరెంటు బిల్లు చూసి నిట్టూర్చేది 4. మిగతావి ఇలా కుదరలేదు.

చివరికి అక్కడివాళ్లే వాడే కిటుకు దొరికింది: 394052. కాంటనీస్‌లో ఈ అంకెల్ని వరసగా చదివితే టోన్లు ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు వరసగా వస్తాయి. సామ్, కౌ, సెయ్, లింగ్, ఙ్, యీ. ఆరంకెలు, అచ్చం మన పిన్‌కోడ్‌లా. మా ఏరియాది 530020, దాని పక్కనే ఇది కూడా మెదడులో అతుక్కుపోయింది. ఏ మాట టోన్ గుర్తు రాకపోయినా పిన్‌కోడ్ చదువుకుంటూ ఆ అంకె దగ్గర ఆగుతాను. మొత్తం ఎనిమిది నెలల్లో నాకు అన్నిటికన్నా ఉపయోగపడినది ఈ ఆరంకెలే.

అయినా బజారు బజారే. చేపకి నిఘంటువులో టోన్ 4. కొనేటప్పుడు, తినేటప్పుడు జనం 2 అంటారు. తాతని పిలిచేది కూడా అంతే, అమ్మవైపు తాతని ‘కుంగ్ కుంగ్’ అంటారు, ఒకే మాట రెండుసార్లు, కానీ మొదటిది 4, రెండోది 1. మా ఆవిడ ‘ప్హో ప్హో’, 4 తర్వాత 2. జ్యుత్పింగ్ ఈ మారిన టోన్‌నే రాస్తుంది, నోటికి వచ్చినట్టు. ఇందుకు ఇంకో స్టారు ఇచ్చాను, నాలుగోది అదే.

ఫోన్లో కీబోర్డుల గురించి రెండు ముక్కలు. ఐఫోన్లలో 2022 నుంచి జ్యుత్పింగ్ కీబోర్డు సొంతంగానే వస్తోంది. నేను ఎక్కువ వాడింది టైప్‌డక్ అనే ఉచిత కీబోర్డు. స్పెల్లింగు కొడితే చైనా అక్షరాలు వరసగా చూపించి, పక్కనే అర్థం కూడా ఇస్తుంది, ఇంగ్లీషుతోపాటు హిందీ, ఉర్దూ, నేపాలీ, ఇండోనేషియా భాషల్లో కూడా. తెలుగు లేదు. హిందీతో నెట్టుకొస్తున్నాను. తమాషా ఏమిటంటే అమ్మాయి పక్కింటావిడ అక్కడే పుట్టి పెరిగింది, ఆవిడకి జ్యుత్పింగ్ రాదు. ఫోను అద్దం మీద వేలితో గీసి రాసుకుంటుంది. నేను స్పెల్లింగు కొట్టి మెసేజ్ పంపితే మెచ్చుకుంది, ఇదెక్కడ నేర్చుకున్నారని అమ్మాయిని అడిగిందట. విశాఖపట్నంలో అని చెప్పిందట.

ఎవరు వాడొచ్చు అంటే, హాంకాంగ్ వెళ్లి ఒక వారం తిరిగొచ్చేవాళ్లకి అక్కర్లేదు, వేలు చూపిస్తే పని అయిపోతుంది. పిల్లలు అక్కడ పెరుగుతున్నవాళ్లకి, ఓడల మీద అక్కడివాళ్లతో పనిచేసేవాళ్లకి పనికొస్తుంది. ఇంగ్లీషులా చదవొద్దు, అంతే. రాతని ఒక కోడ్ అనుకుని, పక్కన తెలుగులో రాసుకోండి. నేను ఒక ఏ4 కాగితం మీద రెండు నిలువు వరసలు వేసి, ఎడమ జ్యుత్పింగ్, కుడి తెలుగు, కింద పిన్‌కోడ్ కిటుకు, లామినేట్ చేసి జెరాక్స్ మిషను పైన అంటించుకున్నాను. పెళ్లి కార్డుకి వచ్చిన ఒక పెద్దాయన అది చూసి ఏ దేవుడి బీజాక్షరాలు బాబూ అని అడిగాడు. ౘ, ఙ ఉన్నాయి కదా, ఆయన తప్పేం లేదు.

పోయిన వారం కంచరపాలెం నుంచి ఒక కుర్రాడు సర్టిఫికెట్ జెరాక్స్‌కి వచ్చాడు, ఓడ ఎక్కబోతున్నాడట, వచ్చే నెల హాంకాంగ్‌లో రిపోర్ట్ చెయ్యాలి. ‘ఏటి అంకుల్ ఇది?’ అని అడిగితే చెప్పాను. ఒక కాపీ ఇయ్యండన్నాడు. ఇచ్చాను. లామినేషన్‌కి మాత్రం ముప్పై రూపాయలు తీసుకున్నాను.